బడి గంట కొట్టిన తరువాత
తూర్పు లండన్ పేటల చరిత్ర మనకు చెప్పే సంగతులు

విద్య గురించి మాట్లాడుకోని సమావేశం మన సంఘాల్లో ఉండదు. ఫీజులు కట్టడం, పుస్తకాలు పంచడం, ఫస్టు వచ్చిన పిల్లలకు బహుమతులివ్వడం, ఇవన్నీ మంచి పనులే, జరుగుతూనే ఉండాలి. అయితే ఒక్క విషయం మాత్రం మన చర్చల్లోకి అంతగా రావడం లేదు. రోజుకు 24 గంటలుంటే అందులో బడి తీసుకొనేది ఆరేడు గంటలే. తక్కిన సమయమంతా పిల్లవాడు ఎక్కడుంటున్నాడు? ఎవరితో తిరుగుతున్నాడు? ఇంట్లో కూర్చొని చదువుకొనేందుకు చోటుందా, అర్థం కాని లెక్క అడిగితే చెప్పేవారున్నారా, లేక సాయంత్రం కాగానే మెకానిక్ షెడ్డుకో, టీ హోటలుకో పనికి పోవాలా? చదువులో నిలదొక్కుకొనే పిల్లవాడికీ, తొమ్మిదో క్లాసులో బడి మానేసే పిల్లవాడికీ తేడా చాలాసార్లు ఈ గంటల్లోనే తేలిపోతుంది.

ఈ సంగతి మనకు మాత్రమే సంబంధించింది కాదు. పేదలు, వలస వచ్చినవారు, పరాయి భాషలో చదువుకోవలసివచ్చిన వారు ఎక్కడున్నా ఈ చిక్కు ఉన్నదే. లండన్ నగరానికి తూర్పున వైట్‌చాపెల్, స్పిటల్‌ఫీల్డ్స్, స్టెప్నీ అనే పేటలున్నాయి. అక్కడ సుమారు నూటయాభై ఏళ్ళుగా, ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన పేదల పిల్లలకు బడి వెలుపల చేయూతనిచ్చే పని జరుగుతూ వస్తున్నది. చివరికి వచ్చినవారు మన ఉపఖండపు ముస్లింలే. అందుకే ఈ సంచికలో ఆ చరిత్రను సభ్యుల ముందు పెట్టాలని తలచాము.

బ్రిక్ లేన్ అనే వీధి మూలన ఒక భవనం ఉంది. ఫ్రాన్సులో మతహింసకు తాళలేక పారిపోయి వచ్చి, పట్టు నేతతో పొట్టపోసుకొన్న హ్యూగెనాట్లు 1743లో దానిని ప్రార్థనాలయంగా కట్టుకొన్నారు. తరువాత అది మెథడిస్టుల చర్చి అయింది. 1898లో రష్యా సామ్రాజ్యం నుండి వచ్చిన యూదుల సినగాగ్ అయింది. 1976లో జామె మస్జిద్ అయింది. గోడలు అవే, లోపలి మనుషులు మారుతూ వచ్చారు. ఆ పేటల చరిత్ర అంతా ఈ ఒక్క భవనంలో కనిపిస్తుంది.

చింకిబట్టల బడులు

పందొమ్మిదో శతాబ్దంలో ఆ పేటల పిల్లలు రేవులోనూ, కర్ఖానాల్లోనూ పనిచేసేవారు, లేదా వీధుల్లో పడి ఉండేవారు. వాళ్ళ కోసం దాతలు నడిపిన ఉచిత పాఠశాలలకు చింకిబట్టల బడులనే పేరొచ్చింది. మామూలు బడికి పోవడానికి ఒంటిమీద సరైన గుడ్డ కూడా లేని పిల్లలు వచ్చేవారు గనుక ఆ పేరు. 1844లో లండన్‌లోని ఇలాంటి బడులన్నిటికీ కలిపి ఒక సంఘం ఏర్పడింది. ఐర్లండు నుండి వైద్యం చదువుకొనేందుకు వచ్చిన థామస్ బర్నార్డో అనే యువకుడు 1867లో తూర్పు లండన్‌లో ఇలాంటి బడి ఒకటి పెట్టాడు. 1877లో కాపర్‌ఫీల్డ్ రోడ్డులో, కాలువ గట్టునున్న గిడ్డంగుల్లో పెద్ద బడి తెరిచాడు. అది 1908 దాకా నడిచింది. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది.

ఈ బడుల్లో గమనించవలసిన విషయం ఒకటుంది. అక్కడ అక్షరాలతో పాటు అన్నం కూడా పెట్టేవారు. ఆకలితో ఉన్న పిల్లవాడికి పాఠం తలకెక్కదని తెలిసినవారు వాళ్ళు. పగలు రాలేనివారికి సాయంకాలం తరగతులుండేవి. 1870లో చట్టం వచ్చి ప్రభుత్వ పాఠశాలలు పెరిగాయి. 1880లో చిన్నపిల్లల చదువు నిర్బంధమైంది. 1891 నాటికి ప్రాథమిక విద్యలో ఫీజులు చాలామటుకు పోయాయి. ఇక దాతల బడుల అవసరం తీరిపోయిందని అందరూ అనుకొన్నారు. కానీ బడి ఉచితమైనంత మాత్రాన ఇంట్లో దీపం వెలగదు గదా! ఒక్క గదిలో ఏడెనిమిది మంది బతికే ఇంట్లో పిల్లవాడు ఎక్కడ కూర్చొని చదవాలి?

చదువుకొన్నవారు పేటలో కాపురం పెట్టడం

1884లో వైట్‌చాపెల్‌లో టాయిన్‌బీ హాల్ అనే సేవాగృహం వెలిసింది. ఆ పేట చర్చి పాదిరి శామ్యూల్ బార్నెట్, ఆయన భార్య హెన్రియెట్టా దీనికి కారకులు. వారి ఆలోచన చాలా తేలికైనది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిల్లో చదివిన కుర్రవాళ్ళు పేదలకు దూరం నుండి డబ్బు పంపడం కాదు, వచ్చి పేదల మధ్యే కాపురముండాలి. పగలు తమ ఉద్యోగాలు తాము చేసుకొంటూ, సాయంత్రం పేట వారికి చదువు చెప్పాలి, కుర్రవాళ్ళ క్లబ్బులు నడపాలి. బార్నెట్ దంపతుల కృషితోనే అక్కడ 1892లో పౌర గ్రంథాలయం, 1901లో చిత్రశాల వచ్చాయి. అమెరికా నుండి వచ్చి ఈ హాలును చూసిపోయిన జేన్ ఆడమ్స్ 1889లో షికాగోలో తన మిత్రురాలితో కలిసి హల్ హౌస్ స్థాపించింది. ఆమెకే 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

మన దేశానికి సంబంధించిన ముచ్చట కూడా ఇక్కడ ఒకటుంది. 1905లో ఒక యువ న్యాయవాది, తాను చదివిన పాఠశాల వారు స్టెప్నీలో నడిపే హేలీబరీ హౌస్ అనే బాలుర క్లబ్బును చూడడానికి వెళ్ళాడు. పగలంతా కూలి చేసుకొని వచ్చే కుర్రవాళ్ళ క్లబ్బు అది. ఊరికే చూసి వద్దామని వెళ్ళినవాడు, 1907లో దాని నిర్వాహకుడై అక్కడే నివాసం పెట్టాడు. పేదవాడు సోమరి కనుకనే పేదవాడయ్యాడనే మాటను అంతవరకు నమ్మినవాడు, ఆ కుర్రవాళ్ళ ఇళ్ళు చూశాక తన అభిప్రాయాలన్నీ మార్చుకొన్నాడు. అతని పేరు క్లెమెంట్ అట్లీ. 1945లో బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. అతని ప్రభుత్వం ఉండగానే మనకు స్వాతంత్ర్యం వచ్చింది. పిల్లలకు చదువు చెప్పబోయినవాడు తానే చదువు నేర్చుకొన్నాడన్నమాట. 1931లో గాంధీజీ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళినప్పుడు హోటలు వద్దని బస చేసిన కింగ్స్‌లీ హాల్ కూడా తూర్పు లండన్‌లోని బో పేటలో లెస్టర్ సోదరీమణులు నడిపిన ఇలాంటి సేవాగృహమే.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపం ఉండేది. వచ్చినవారు ఎంత మంచివారైనా బయటివారే. రెండు మూడేళ్ళుండి తమ దారిన తాము పోయేవారు. పేట మాత్రం అక్కడే ఉండేది.

తనవారే వచ్చినా సరిపోలేదు

1881 తరువాత రష్యా సామ్రాజ్యంలో దాడులకు గురైన యూదులు వేల సంఖ్యలో ఈ పేటలకు వచ్చి చేరారు. దర్జీపని, చెప్పుల పని, టోపీల పని చేసుకొని బతికారు. వీరిని ఆదుకొన్నది ముందే స్థిరపడిన సంపన్న యూదులు. స్పిటల్‌ఫీల్డ్స్‌లోని యూదు ఉచిత పాఠశాలలో 1900 నాటికి సుమారు 4,000 మంది పిల్లలు చదివేవారు. రాథ్‌చైల్డ్ కుటుంబం వారు పిల్లలకు బట్టలు, బూట్లు ఇచ్చేవారు. 1896లో బ్రేడీ వీధిలో కుర్రవాళ్ళ కోసం క్లబ్బు పెట్టారు. పనినుండి వచ్చిన కుర్రవాడు జూదానికీ, వీధి తగాదాలకూ పోకుండా ఆటలు, చదువు, పెద్దల సాంగత్యం అక్కడ దొరికేవి. వైట్‌చాపెల్ గ్రంథాలయం ఆ పేదపిల్లలకు రెండో బడి అయింది. వెచ్చగా, వెలుతురుగా, నిశ్శబ్దంగా ఉండే గది వారికి అదొక్కటే. 1920లో ఇంగ్లీషు సరిగా రాకుండా లండన్ చేరిన జేకబ్ బ్రొనౌస్కీ అనే బాలుడు అక్కడి పుస్తకాలతోనే భాష పట్టుబడి, తరువాత పేరుపొందిన శాస్త్రవేత్త అయ్యాడు.

ఇంత జరిగినా ఒక వెలితి మిగిలింది. ఆ పాఠశాల పెద్దలు పిల్లలను ఎంత త్వరగా ఇంగ్లీషువారిగా చేద్దామా అని చూశారు. ఇంట్లో మాట్లాడే ఇడ్డిష్ భాషను చిన్నచూపు చూశారు. కొడుకు పైకి వచ్చాడు, కానీ తల్లిదండ్రుల మాట అతనికి మోటుగా తోచింది. సాయం చేసినవారు తనవారే, మనసూ మంచిదే. అయినా పిల్లవాడిని మాత్రం చేరదీసి, అతని ఇంటిని గడప బయట నిలబెట్టారు. ఉర్దూ మాట్లాడే ఇంటినుండి తెలుగు మీడియానికో, ఇంగ్లీషు మీడియానికో పోయే పిల్లలున్న మనకు ఈ బాధ ఏమిటో వివరించి చెప్పనక్కరలేదు.

సిల్హెట్ నుండి వచ్చినవారు

ఓడల్లో ఖలాసీలుగా పనిచేసిన సిల్హెట్ వారు చాలాకాలంగా ఆ రేవు పేటలు ఎరిగినవారే. లండన్‌లో మసీదు కోసం జస్టిస్ అమీర్ అలీ మొదలైనవారు 1910లో నిధి పోగుచేయడం మొదలుపెట్టారు. 1941లో తూర్పు లండన్ మసీదు కమర్షియల్ రోడ్డులోని ఇళ్ళలో ప్రారంభమైంది. వైట్‌చాపెల్ రోడ్డులోని నేటి కట్టడం 1985లో లేచింది. 1950, 1960 దశకాల్లో మగవాళ్ళు ఒంటరిగా వచ్చి పనిచేసేవారు. 1970ల నుండి భార్యాబిడ్డలు రావడం మొదలైంది. తండ్రికి కుట్టుపని కర్ఖానాలోనో, హోటలు వంటశాలలోనో రాత్రి పొద్దుపోయేదాకా పని. తల్లికి ఇంగ్లీషు రాదు. ఇల్లు ఇరుకు. బడిలో మాస్టరు చెప్పేది పిల్లకు తెలియదు, పిల్ల చెప్పేది మాస్టరుకు తెలియదు. దీనికి తోడు వీధిలో జాతి విద్వేషపు దాడులు. సాయంత్రం పిల్లలను బయటికి పంపడానికి తల్లులు జంకేవారు.

1978 మే 4న అల్తాబ్ అలీ అనే యువ దర్జీ కార్మికుడిని పని ముగించుకొని ఇంటికి పోతుండగా పొడిచి చంపారు. మే 14న సుమారు 7,000 మంది ఆ శవపేటిక వెంట ప్రధానమంత్రి నివాసం దాకా నడిచారు. ఆ పేటలోని పార్కుకు 1998లో అతని పేరు పెట్టారు. ఈ ఘటన తరువాత బంగ్లాదేశీ యువకులు ఊరుకోలేదు. యువజన సంఘాలు కట్టుకొన్నారు. పెద్దలు మసీదు, స్వదేశ రాజకీయం చూసుకొంటుండగా, పాతికేళ్ళు దాటని వీళ్ళు పేట బాధ్యత తలకెత్తుకొన్నారు. వీధిలో కాపలాతో పాటు సాయంకాలపు చదువు, శనివారపు తరగతులు, మాతృభాష పాఠాలు, ఆటలు ఈ సంఘాల పనుల్లో చేరాయి. ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఇంతకు ముందు బయటివారు వచ్చారు, తరువాత తనవారిలోని సంపన్నులు వచ్చారు. ఇప్పుడు చెప్పేవాడు అదే మేడలో పై అంతస్తులో ఉండే అన్న. పిల్లవాడి తల్లితో ఆమె భాషలో మాట్లాడగలడు. రెండేళ్ళు తరువాత పోయేవాడు కాడు.

తల్లుల కోసం కూడా చోటు ఏర్పడింది. వైట్‌చాపెల్ రోడ్డులో 1987లో జాగోనారీ కేంద్రం తెరిచారు. పేటలోని బెంగాలీ స్త్రీలు పూనుకొని కట్టించుకొన్నదది. తల్లి ఇంగ్లీషు నేర్చుకొంటుంటే పసిబిడ్డను చూసేవారు అక్కడే ఉండేవారు. అది దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసింది. ఆసుపత్రిలో డాక్టరు మాటను తల్లికి చెప్పడానికి పిల్లలు బడి మానవలసివచ్చే స్థితి ఉండేది. అదే పేటల్లో చిరకాలం పనిచేసిన సామాజికవేత్త మైకేల్ యంగ్ 1990లో టెలిఫోను ద్వారా అనువాదం చేసే సంస్థను ఆరంభించాడు. బడి గంటల తరువాత పాఠశాలలు తెరిచి ఉంచాలని దేశమంతటా ప్రచారం చేసే సంస్థను 1992లో స్థాపించినదీ ఆయనే.

చిట్టచివరి స్థానం నుండి

ఇవన్నీ జరిగాయి కాబట్టి వెంటనే ఫలితం వచ్చిందనుకోరాదు. 1985లో స్వాన్ కమిటీ నివేదిక బంగ్లాదేశీ పిల్లలు చదువులో మరీ వెనకబడి ఉన్నారని రాసింది. 1980ల చివరలో ఆ ప్రాంతంలో వందల మంది పిల్లలకు బడిలో సీటే దొరకలేదు. 1990లో నగరమంతటికీ ఉన్న విద్యామండలిని రద్దుచేసి, పాఠశాలలను టవర్ హామ్లెట్స్ అనే స్థానిక కౌన్సిలుకు అప్పగించారు. 1997లో ఇంగ్లండులోని 149 విద్యాశాఖల్లో ఫలితాల వరుసలో ఈ కౌన్సిలుది 149వ స్థానం. మత్తుమందులు, వీధి ముఠాల తగాదాలు కూడా ఆ దశాబ్దంలోనే ముదిరాయి. అదే కౌన్సిలు 2010 తరువాతి సంవత్సరాల్లో పదహారేళ్ళ పిల్లలు రాసే పబ్లిక్ పరీక్షల్లో దేశపు సగటును దాటిపోయింది. పేదరికం అట్లాగే ఉండగా ఇది జరిగింది.

ఎలా జరిగింది? ఒక్క కారణం చెబితే అబద్ధమవుతుంది. ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. మంచి హెడ్‌మాస్టర్లు వచ్చారు. స్థానిక యువతీ యువకులను టీచర్లుగా, సహాయకులుగా తీసుకొన్నారు. 2003లో లండన్ బడులన్నిటికీ ప్రత్యేక కార్యక్రమం వచ్చింది. వీటితో పాటే సాయంకాలపు చదువు, సెలవుల్లో రివిజన్ తరగతులు సాగాయి. మసీదు, కౌన్సిలు, బడి ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడం మాత్రం మనం ప్రత్యేకంగా గమనించాలి. బడికి రాని పిల్లల ఇళ్ళకు మసీదు తరఫు మనిషి వెళ్ళేవాడు. టర్ము మధ్యలో పిల్లలను నెలల తరబడి స్వదేశానికి తీసుకుపోవద్దని ఇమాములు జుమా ఖుత్బాలో చెప్పారు. అధికారి నోటీసు పంపితే భయపడే తండ్రి, ఇమాం సాబు మాట చెబితే ఆలోచించాడు. 2004లో మసీదు పక్కనే తెరిచిన లండన్ ముస్లిం సెంటరులో దీనీ తాలీమూ, లోకవిద్యా, యువకుల కార్యక్రమాలూ ఒకే కప్పు కిందికి వచ్చాయి.

సాయంకాలపు చదువు నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు కూడా సమాధానం దొరికింది. ప్రొఫెసర్ జాన్ మెక్‌బీత్ బృందం 50కి పైగా పాఠశాలల్లో వేలమంది పిల్లలను కొన్నేళ్ళ పాటు గమనించి 2001లో నివేదిక ఇచ్చింది. బడి తరువాతి తరగతులకు వచ్చినవారు, రానివారికంటే పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారనీ, హాజరూ చదువు మీద మనసూ పెరిగాయనీ, అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ఎక్కువ మేలు జరిగిందనీ అందులో తేలింది.

డబ్బు సంగతి కూడా మరువరాదు. పదహారేళ్ళు నిండాక పేద ఇంటి పిల్లలు చదువు మానకుండా ఉండేందుకు ఇంగ్లండు ప్రభుత్వం 2004 నుండి దేశమంతటా వారానికి 30 పౌండ్ల దాకా భత్యమిచ్చింది. 2011లో దానిని ఎత్తివేసింది. ఆ దశాబ్దంలోనే యువజన కేంద్రాలకు నిధులు తెగ్గోశారు. ముప్పై ఏళ్ళు కష్టపడి కట్టినదైనా నిలబెట్టేవారు లేకపోతే ఒరిగిపోతుందని దీనివల్ల తెలుస్తున్నది.

మన పేటల మాట

ఇక మన సంగతికి వద్దాం. 6 నుండి 14 ఏళ్ళ లోపు ముస్లిం పిల్లల్లో 25 శాతం దాకా బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో ఉన్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. తెలంగాణలో 2016లో 71 మైనారిటీ గురుకులాలు మొదలై, తరువాత 204 అయ్యాయి. గురుకులంలో చేరిన పిల్లవాడికి సాయంత్రపు చదువు, రాత్రి భోజనం, అడిగే మనిషి ముగ్గురూ దొరుకుతారు. మరి సీటు దొరకక, రోజూ ఇంటినుండే బడికి పోయే పిల్లవాడి సంగతేమిటి? అతడి సాయంత్రం ఎవరిది?

తూర్పు లండన్ చరిత్ర చదివిన తరువాత మాకు తోచినది ఇది. ఫస్టు వచ్చిన పిల్లవాడికి షీల్డు ఇవ్వడం తేలిక. ఫెయిలయ్యే పిల్లవాడి పక్కన రోజూ గంటసేపు కూర్చోవడం కష్టం. అయినా మన సమాజం పోగొట్టుకొంటున్నది ఈ రెండోవాడినే. అందుకు పెద్ద భవనం అక్కరలేదు. మగ్రిబ్ తరువాత ఖాళీగా ఉండే ఒక హాలు, నాలుగు లైట్లు, తాగే నీళ్ళు, ఇన్ని పల్లీలో బిస్కట్లో ఉంటే మొదలవుతుంది. ఆడపిల్లలకు వేళ ముందుగా, ఇంటికి దగ్గరగా ఉండాలి. చెప్పేవారు మన పేటలోనే ఇంటరు, డిగ్రీ చదువుతున్న అబ్బాయిలు, అమ్మాయిలు కావాలి. వారికి దారిఖర్చులైనా సంఘం ఇవ్వాలి. వట్టి సేవ అంటే పరీక్షలు రాగానే ఆగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఇల్లు. పిల్లవాడు మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు ఒకరు వెళ్ళి తలుపు తట్టాలి. తిట్టడానికి కాదు, సంగతేమిటని అడగడానికి. అబ్బాకు జ్వరమొచ్చి కూలి పోయిందా, అప్పు తీర్చడానికి పిల్లవాడిని షాపులో పెట్టారా, అమ్మీకి తోడుగా ఆడపిల్లను ఇంట్లో ఆపారా, ఇది తెలిస్తేనే సంఘం చేయగలిగింది ఏదైనా చేయగలదు. అక్షరం రాని తల్లి కూడా రోజూ పుస్తకం తెరిపించగలదు, హాజరు అడగగలదు. ఆమెను పిలిచి గౌరవంగా కూర్చోబెట్టి చెప్పేవారు కావాలి, అంతే.

సభ్యులు ఈ సంచిక మూసేముందు తమ వీధిలో ఈ ఏడు బడి మానేసేలా ఉన్న పిల్లవాడు ఎవరో ఒక్కసారి తలచుకోవలసిందిగా కోరుతున్నాము. ఆ పేరు సంఘం కార్యదర్శికి చెప్పండి. చెప్పగలవారు వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వండి. అక్కడినుండి పని మొదలుపెడదాం.